ఏడు ఫారాలు, ఒకే చేతిరాత

గని డ్యూటీకి బయలుదేరిన పొద్దున బూట్లు కాళ్లకు ఎక్కలేదు. పాదాలు రెండూ ఉబ్బాయి. వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోయింది. లాల్‌పేట్ డాక్టరు రక్తపరీక్ష చేయించారు. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ తొమ్మిది ఉంది. కిడ్నీలు రెండూ పోయాయని, వెంటనే డయాలసిస్ మొదలుపెట్టాలని రిపోర్టు నుంచి తల ఎత్తకుండానే చెప్పారు.

నేను బడికి పోయింది నాలుగేళ్లే, అదీ మరాఠీలో. తెలుగు, కొంత ఇంగ్లిషు లైబ్రరీలో కూర్చుని నేర్చుకున్నాను. కిడ్నీల గురించి దొరికిన పుస్తకాలన్నీ చదివాను. రక్తాన్ని వడకట్టే గొట్టాన్ని డయలైజర్ అంటారు. దాన్ని కడిగి అదే మనిషికి మళ్లీ వాడతారు. కాబట్టి ప్రతిసారీ దాని మీద రాసిన పేరు తనదేనని రోగికి చూపించాలి. నేను వెళ్లే డయాలసిస్ యూనిట్‌లో ఎవరూ చూపించేవారు కాదు.

పక్క బెడ్ రాజయ్యది. బాబుపేట్‌లో ఉండే పాత గని కార్మికుడు, నాకంటే పెద్ద. ఆయన చెల్లెలు కిడ్నీ ఇస్తానంది. నాగపూర్‌లో టెస్టులు నడుస్తున్నాయి. నాకు ఇచ్చేవాళ్లు లేరు.

మా ఆసుపత్రిని ఇంకో ఆసుపత్రిలో కలుపుతున్న రోజులవి. ఏ యూనిట్ ఉంచాలో, ఏది మూయాలో తేల్చడానికి తనిఖీ పెట్టారు. రోగులు నింపాల్సిన ఫారాలు వచ్చాయి. మాలో ఏడుగురు తెలుగువాళ్లం, చదవగలిగింది నేనొక్కణ్ణే. టెక్నీషియన్ నన్ను గురూజీ అని పిలిచి, అందరివీ మీరే రాసిపెట్టండన్నాడు. ఆ పిలుపు నాకు నచ్చింది.

డయలైజర్ మీద మీ పేరు చూపించారా అన్న ప్రశ్న చదివి వినిపించాను.

"ఏడ చూపిస్తున్రు తమ్మీ? లేదని రాయి," అన్నాడు రాజయ్య.

"లేదంటే యూనిట్ మూస్తరన్నా. వారానికి రెండుసార్లు నాగపూర్ పోతవా? గివన్నీ నీకు తెల్వయి."

ఏడింటిలోనూ అవునని రాశాను. ఆయన వేలిముద్ర వేశాడు. యూనిట్ తనిఖీలో నెగ్గింది.

మూడు నెలలకు రాజయ్యకు రక్తం ద్వారా సోకే కాలేయ వైరస్, హెచ్‌సీవీ, పాజిటివ్ వచ్చింది. ఇంకొకరి గొట్టం వాడితే వచ్చిందో, వేరే దారిన వచ్చిందో రుజువు చేయలేమన్నారు డాక్టరు. నాగపూర్‌లో ట్రాన్స్‌ప్లాంట్ వాయిదా వేశారు. రాజయ్య భార్య ఆసుపత్రి ఆఫీసుకు వెళ్లి ఇదెలా జరిగిందని అడిగితే ఫారం జిరాక్సు చేతిలో పెట్టి పంపారు. ఆమెకు చదువు రాదు. బయట బెంచీ మీదున్న నా దగ్గరికే తెచ్చి, ఇందులో ఏముందని అడిగింది. చదివాను. రాత ఎవరిదో కూడా చెప్పాను.

"నువ్వు మస్తు చదువుతవని మా ఆయన అందరికి చెప్పుకుంటుండె," అంది. కాగితం నా చేతిలోనే వదిలి వెళ్లిపోయింది.

నిజం వేరే కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చాను. తనిఖీ ముగిసిందన్నారు. రాజయ్యకు మందులతో వైరస్ పోయింది. ఆలోపే చెల్లెలి అత్తింటివాళ్లు మనసు మార్చుకున్నారు. నిరుడు ఆయన పోయాడు.

నేను ఇప్పటికీ అదే యూనిట్‌కు వెళ్తున్నాను. నా గొట్టం మీది పేరు చదివాకే చెయ్యి చాపుతాను. టెక్నీషియన్ విసుక్కుంటాడు. మీరూ సూది గుచ్చకముందే పేరు చూపించమని అడగండి. చదవడం రాకపోతే ఇంటి మనిషిని వెంట తీసుకెళ్లండి. పక్క బెడ్‌లో నాలాంటి చదువరి ఉన్నా సరే, ఆ పని అతనికి వదలకండి.