వెయ్యి దగ్గర ఆగిన చేపలు

నోట్లో కాఫీ ఉంటే ముందు మింగేయండి. నిప్పు అక్కర్లేకుండా ఓ ఆఫీసుకి ఎలా మంట పెట్టానో చెప్పబోతున్నాను.

అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. మధురవాడలో చిన్న కంపెనీ. ఫొటో చూసి అది ఏ చేపో, తాజాదో కాదో చెప్పే ప్రోగ్రామ్ తయారుచేస్తున్నాం. నాతోపాటు పనిచేసే అప్పలనాయుడు రోజూ హార్బర్‌కి వెళ్లి చేపల ఫొటోలు తీసి క్లౌడ్‌లోకి ఎక్కించేవాడు. నెలల తరబడి తీస్తే వేలకు వేలు పోగయ్యాయి. ఆ రోజు మధ్యాహ్నం చేపల ఎగుమతిదారులు మా ప్రోగ్రామ్ చూడ్డానికి వస్తున్నారు.

"ఫొటోలన్నీ ఉన్నాయో లేదో ఒకసారి చూడు" అన్నారు మా మేనేజర్ సుధారాణి గారు.

ఇంతేకదా అనుకున్నాను. కోడ్ రాసిన చోటే జవాబు కనిపించే నోట్‌బుక్ తెరిచి, క్లౌడ్‌లో ఉన్న ఫైళ్ల పేర్లు చెప్పమని ఒక లైను రాశాను. చెప్పింది. లెక్కపెట్టమన్నాను. సరిగ్గా వెయ్యి! మళ్లీ నొక్కాను. వెయ్యే! బుర్ర ఉన్నవాడెవడైనా, అంకె ఇంత గుండ్రంగా ఎందుకుందని అనుమానపడతాడు. నేను అప్పలనాయుణ్ణి అనుమానించాను.

"బావా, ఫొటోలేవి?"

"ఏ ఫొటోలు?"

"వెయ్యే ఉన్నాయి. మిగతావి సెరిపేసావేటి?"

"నానెందుకు సెరిపేత్తాను? ఒక్కో సేపనీ బతిమాలి బతిమాలి తీసాను!"

సుధారాణి గారు కుర్చీలో కూలబడ్డారు. "ఇప్పుడు వాళ్లకేం చూపిస్తాం?"

"నేనున్నాను మేడం!" అన్నాడొకడు. దురదృష్టం, వాడు నేనే.

బండి మీద హార్బర్‌కి ఎగిరాను. తీసిన ఫొటో తీసినట్టే క్లౌడ్‌లోకి వెళ్లేలా ఫోన్‌లో ఏర్పాటుంది. కనిపించిన ప్రతి చేపకీ ఎదురుగా ఓ ఫొటో, పక్కనుంచి ఓ ఫొటో తీస్తుంటే, గంప ముందు కూర్చున్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటి బాబూ, సేపలు కొంతావా, పెళ్లిసూపులు సూత్తన్నావా?"

"డేటా పోయిందమ్మా!"

"అయ్యయ్యో! పోలీసోళ్లకి సెప్పకపోయావా?"

ఆవిడకి క్లౌడ్ గురించి వివరించబోయి ఓ అడుగు వెనక్కేశాను. కింద ఐసునీళ్లు. కాళ్లు ఆకాశానికి, నేను సొరచేపల మధ్యకి. చేతిలోంచి ఎగిరిన ఫోన్‌ని ముసలమ్మ గాల్లోనే పట్టేసింది. అంతలో అది మోగింది. అప్పలనాయుడు.

"బావా, నీ కోడ్ సూసాను. ఒకసారి అడిగితే వెయ్యి పేర్లే ఇత్తాదంట. తర్వాత పేజీ ఇమ్మని మళ్లీ అడగాల."

"అంటే?"

"అన్నీ ఉన్నాయి. నువ్వే లేవు. బేగి రా!"

నేను ఆఫీసు చేరేసరికి ఎగుమతిదారులు వచ్చేశారు. గోడ మీది తెర నిండా ఫైళ్ల పేర్లు, పేజీ తర్వాత పేజీ. తలుపు పక్కన నక్కి నిలబడ్డాను.

"ఇవాళ్టి చేప ఒకటి చూపించండి" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

సుధారాణి గారు చివరి ఫొటో తెరిచారు. ఫోన్ పట్టుకున్నప్పుడు ముసలమ్మ వేలు ఎక్కడ తగిలిందో నాకప్పుడర్థమైంది. తెర నిండా నేనే. వెల్లకిలా, నోరు తెరుచుకుని. కింద మా ప్రోగ్రామ్ ఏ తడబాటూ లేకుండా రాసింది:

రకం: సొర. తాజాదనం: లేదు.

పెద్దాయన ఒకసారి తెరను, ఒకసారి నన్ను చూశాడు. "రకం కాస్త అటూ ఇటూ అయినా, రెండోది మాత్రం కరెక్టుగా చెప్పిందండీ" అన్నాడు.

వాళ్లు వెళ్లాక అప్పలనాయుడి ఎదుట నిలబడి కుడిచెయ్యి ఎత్తాను. "తర్వాత పేజీ ఉందేమో చూడకుండా ఈ జన్మలో ఏ మనిషినీ అనుమానించనని, భూమ్యాకాశాల సాక్షిగా..."

అతను ముక్కు మూసుకున్నాడు.

"ముందు తానం సెయ్ బావా. పెమానం తర్వాత సేద్దువుగాని."