మెహజబీన్ వెనక్కి తీసుకున్న పొడి

మెహజబీన్ అక్కది అచ్చంపేట. పశువుల దాణాలో కలిపే మంచి బ్యాక్టీరియా నిజంగా మంచిదో కాదో పరీక్షించడం ఆమె పని. పాలను పెరుగు చేసే వాటిలాంటి సూక్ష్మజీవులే అవి. కడుపులో చేరితే పారుడు, అంటే విరేచనాలు, తగ్గి మేత ఒంటబడుతుందట. ఒక దాణా కంపెనీ తరఫున ఆమె తిమ్మాజిపేట దగ్గరి మా ఊరికి వచ్చి, కొన్ని ఇళ్లలో ఆ పొడి ఇచ్చింది. మా బర్రె దుడ్డె పారుకొని పారుకొని లేవలేని స్థితిలో ఉంది. గంజిలో కలిపి తాగించాక లేచి తల్లి పొదుగు కుమ్మింది. ఆ తర్వాత మా అత్త భీమమ్మ చాయ్ తాగించనిదే ఆమెను పోనిస్తే ఒట్టు.

ఒకరోజు పరీక్షకు పేడ కోసం పొద్దున్నే వచ్చింది. నేను వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లుతున్నాను. బకెట్లో పేడ కలిపిన చేతినే నీళ్లతో కడిగి, ఏడుస్తున్న మా పిల్లవాడికి ముద్ద పెట్టాను. ఆమె చూస్తూ నిలబడిపోయింది.

"రోజు గిట్లనేనా చెల్లె?"

"మరి సాన్పు గంటెతోని కలుపుతరా అక్కా?" అన్నాను. ఆమె నవ్వలేదు.

మళ్లీ వచ్చినప్పుడు మిగిలిన పొట్లాలు ఇచ్చేయమంది. "మనకు దవాఖానల ఇచ్చే మందులకు దీంట్ల పురుగు చస్తలేదు స్వరూపా. ఆ గుణం రోగాల పురుగులకు గూడ అంటొచ్చు. పేడ నుంచి నీ చేతికి, నీ చేతి నుంచి పిల్లగాని నోట్లకు. రేపు వానికి రోగమొస్తే మందు పనిచెయ్యకపోతే?"

నాకు ఒళ్లు మండింది. ఎవరికి మండదు? "దుడ్డె మళ్ల పడితే నువ్వొచ్చి లేపుతవా?"

"లేపుత."

దుడ్డె మళ్లీ పడింది. ఆమె పొద్దున్నే బస్సుకు వచ్చి, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు ఓపిగ్గా తాగించి పోయేది. దుడ్డె బతికింది. ఆ పొడి మా ఇళ్లకు తగదని కంపెనీకి రాసినందుకు ఆమె ఉద్యోగం పోయింది. ఆ మాట ఆమె మాతో అననే లేదు, ఆమె బదులు వచ్చిన మనిషి చెప్పాడు.

మా పిల్లవాడు ఏ జబ్బు చేసినా మామూలు మందుకే తేరుకుంటున్నాడు. ఆమె పుణ్యమే అంటే, "నీకెట్ల తెలుసు?" అంటాడు మా ఆయన శ్రవణ్ కుమార్. తెలియదు. అయినా ఆమెను తలుచుకొని దండం పెట్టుకుంటాను.

ఈ ఏడు ఆమె వేరే సంస్థ నుంచి వేరే పొడితో వచ్చింది. నేను గంజి గిన్నె తెచ్చి ముందు పెట్టాను.

"ముందు దీంట్ల ఏమున్నదో జర ఇను స్వరూపా."

"నువ్వు చూసినవ్ గద అక్కా," అన్నాను. "కలుపు."