లాగ్‌బుక్‌లో పెన్సిల్ చుక్క

నలభై ఆరేళ్ల వయసులో నేను మళ్లీ విద్యార్థినయ్యాను. క్యాజువాలిటీలో పద్దెనిమిదేళ్లు అరిగిపోయాక, పీజీ చదివే కుర్ర డాక్టర్లకు పాఠం ఎలా చెప్పాలో నేర్చుకునే ఏడాది ఫెలోషిప్‌లో చేరాను. చేరాను అనడం కూడా గొప్పే. పీజీలున్న డాక్టర్లకు తప్పదని కాలేజీవాళ్లే నా పేరు రాసేశారు. శనివారం పొద్దున ఎనిమిదికి మేడ్చల్ హైవే పక్కనున్న మా ఆసుపత్రిలో డ్యూటీ దిగి, హూనమైన ఒంటితో మూడంతస్తులు ఎక్కి క్లాసుకు పోవాలి. అక్కడ నాలాంటి ఎమర్జెన్సీ డాక్టర్లు ఇంకో అయిదుగురు. అందులో ఇద్దరు కూర్చున్న చోటే నిద్రపోయేవారు. వాళ్లను చూస్తే నాకు అసూయగా ఉండేది.

మాకు నేర్పే పెద్దావిడ రిటైరైన మత్తు డాక్టరు. మొదటి వారమే ఒక పని పెట్టింది. ఎవరి పీజీకి వాళ్లు మనిషి ఆకారపు రబ్బరు బొమ్మ మీద ఏదో ఒకటి నేర్పాలి, గోడకున్న కెమెరా దాన్ని వీడియో తీస్తుంది, తర్వాత అందరం కూర్చుని చూడాలి. ఓస్ ఇంతేనా అనుకున్నాను. నా మొహం!

నా పీజీ కీసర దగ్గర రైతుల ఇంటి పిల్ల. మూడో ఏడాది చివర్లో ఉంది. పరీక్షలు కాగానే ఒక చిన్న ఆసుపత్రిలో చేరబోతోంది. అక్కడ ఎమర్జెన్సీకి డాక్టరంటే తనొక్కతే. ఊపిరాడని మనిషి గొంతులో గొట్టం వేయడమే నేర్పమని అడిగింది.

"ఆడ నా ఎన్క ఎవ్వరుండరు మేడం. ఏస్తే నేనే ఎయ్యాలె. మస్తు బుగులైతాంది."

"మూడేండ్ల సంది ఏస్తనే ఉన్నవు గదా, ఇంకెందుకు భయం?" అని విసుక్కున్నాను.

వీడియో చూసిన రోజు నాకు సంగతి అర్థమైంది. తెర మీద ముందు పీజీ కనిపించింది. లైటున్న పరికరంతో బొమ్మ నాలుకను పైకెత్తి లోపలికి చూస్తోంది. పట్టుమని పది సెకన్లు కాలేదు, పక్క నుంచి నా చెయ్యి వచ్చింది. "జరుగు" అంటున్నాను. ఆ పిల్ల జరిగింది. ఇక అక్కడి నుంచి వీడియో అంతా నా వీపే. నా భుజం మీదుగా చూడాలని ఆ పిల్ల మునివేళ్ల మీద లేస్తోంది, దిగుతోంది. అది బొమ్మ! నేను చెయ్యి పెట్టకపోతే దానికి పోయే ప్రాణమేముంది?

పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఎవరికి నేర్పావమ్మా?" అంది. మిగతావాళ్లు పగలబడి నవ్వారు. గంట గడిచేసరికి వాళ్ల నవ్వులూ ఆగిపోయాయి. అందరి వీడియోల్లోనూ వీపులే. క్యాజువాలిటీలో బతికినవాళ్లకు చేతులు ముందుంటాయి, నోరు తర్వాత. ఆ చేతులతోనే ఎందరినో బతికించాం, కాదనను. కానీ పక్కన నిలబడినవాళ్లకు ఏమీ మిగల్చలేదు.

అసలు నన్ను తొలిచింది ఇంకొకటి. పీజీలు చేసిన ప్రతి పనీ లాగ్‌బుక్‌లో రాసుకుంటారు. "స్వయంగా చేసినది" అనే గడి పక్కన నా సంతకం పడాలి. నెలాఖరున పుస్తకం తెచ్చి ముందు పెడితే, చాయ్ తాగుతూ చదవకుండా బరబరా గీకేసేదాన్ని. ఆ పిల్ల మొదలుపెట్టిన గొట్టాలు నేను పూర్తి చేసినట్టు ఎక్కడా లేదు. ఎవరమూ దాన్ని అబద్ధమనుకోలేదు. అందరూ అలాగే రాస్తారు, అందరం అలాగే గీకుతాం.

ఆ తర్వాతి శనివారాలు, పీజీ గొట్టం వేస్తుంటే, పెద్దావిడ నన్ను బొమ్మ పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. చేతులు తొడల కింద పెట్టుకోవాలి. "ఏం కనపడుతోంది?" అని మాత్రమే అడగాలి. మూడు వారాల్లో నాలుగుసార్లు లేచాను. లేచిన ప్రతిసారీ సిగ్గేసేది, కూర్చుంటే ఊపిరాడేది కాదు. శామీర్‌పేటలో ఇంటికి చేరి, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద పడేదాన్ని.

పీజీ వెళ్లిపోవడానికి పది రోజులుందనగా, ఒక సోమవారం పొద్దున శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మనిషిని ఆటోలో తెచ్చారు. "వల ఇడిపిస్తాంటె పురుగు ముట్టింది డాక్టరమ్మా" అని భార్య ఏడుస్తోంది. ఆవిడ పాము పేరెత్తదు. అతని కనురెప్పలు వాలిపోయాయి, మెడ నిలవడం లేదు, ఊపిరి పైపైనే ఆడుతోంది. విషానికి మందు ఎక్కించడం మొదలుపెట్టాం. గొట్టం వెయ్యక తప్పదు. పీజీ తల దగ్గర నిలబడింది.

మొదటిసారి గొంతులో దారి కనపడలేదు. పరికరం బయటికి తీసి, మాస్కు పెట్టి, బ్యాగుతో ఊపిరి ఇస్తోంది. నా కాళ్లు వాటంతటవే కదిలాయి.

"జరుగు."

సిస్టర్ అలవాటుగా నాకు దారిచ్చింది. పీజీ తలెత్తలేదు.

"నేను జరుగ మేడం. ఆక్సిజన్ తొంబై ఆరుంది. ఇంకొక్కసారి జూస్త."

ఒళ్లు మండిపోయింది. మూడేళ్లలో నాకు ఎదురు చెప్పడం అదే మొదలు. చాచిన చెయ్యి అలాగే గాల్లో ఉంది. మానిటర్ చూశాను. తొంభై ఆరే. చేతులు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాను.

"ఏం కనపడ్తాంది?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"నాలుక అడ్డమొస్తాంది. సిస్టర్, తల కింద దుప్పటి మడతవెట్టున్రి." సిస్టర్ మడతపెట్టింది, పీజీ మళ్లీ లోపలికి చూసింది. "కనపడ్తాంది మేడం."

గొట్టం దిగింది. అతని ఛాతీ రెండు వైపులా సమానంగా లేచింది. నా చేతులకు పని లేక, వెళ్లి అతని కాళ్ల మీద దుప్పటి సర్దాను. నాలుగో రోజుకు అతను తనంతట తాను ఊపిరి పీల్చుకున్నాడు.

సెలవు తీసుకునే రోజు ఆ పిల్ల లాగ్‌బుక్ తెచ్చింది. ఈసారి చదివాను. చివరి వరుసలో చేపలాయన కేసు. గడి పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి ఉంది.

"ఇదేంది?"

"ఏం లేదు మేడం. మొత్తం నేనే ఏసినదని గుర్తు వెట్టుకున్న."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే తట్టుకోలేకపోయాను. సంతకం పెట్టి, వెనక్కి ఒక్కొక్క పేజీ తిప్పాను. మొదటి ఏడాది దాకా వెళ్లాను. ప్రతి వరుసలోనూ నా సంతకం ఉంది. చుక్క ఎక్కడా లేదు.