బాపు ఆపిన రెండేళ్లు

మొన్న మా మనవరాలు లెర్నింగ్ లైసెన్సు కోసం కంప్యూటర్ ముందు కూర్చుని ఆధార్ నంబరు కొట్టగానే, పుట్టిన తేదీ దానంతటదే తెర మీదికి వచ్చేసింది. పద్దెనిమిది నిండాయి, ఇక తననెవరాపుతారని అది నవ్వుతుంటే నేను ఆ తేదీనే చూస్తూ ఉండిపోయాను.

మన రోజుల్లో వయసంటే నోటితో చెప్పిందే కదా. నాన్నను మేం బాపు అనేవాళ్లం. ఆయన హన్మకొండలో ఒక బట్టల వ్యాపారి దగ్గర జీపు నడిపేవాడు. నాకు పదహారేళ్లప్పుడు, తోటివాళ్లిద్దరు ఏజెంటు చేత రెండేళ్లు ఎక్కువ రాయించుకుని లైసెన్సులు తెచ్చుకుంటే, నాకూ అలాగే ఇప్పించమని బాపును పోరుపెట్టాను. ఆయన కాదనలేదు, అవుననలేదు. ములుగు వైపు వెళ్లినప్పుడల్లా నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, స్టీరింగు ముట్టనివ్వకుండా, రోడ్డు మీదికి ఎవరు రావచ్చో ముందే చెప్పమనేవాడు. బర్రె వెనక పిల్లలుంటారని, ఆగిన బస్సు ముందునుంచి మనిషి దాటుతాడని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇంకెన్నాళ్లిలా అని ఒకనాడు అడిగేశాను.

బాపు ఒక ఊరి మలుపు దగ్గర జీపు పక్కకు తీసి ఇంజను ఆపాడు. ఎదురుగా చూస్తూనే చెప్పాడు.

"నేను గూడ పదారేండ్లకే రాయించుకున్న బిడ్డా. ఆర్నెల్లు గాలె, ఈడనే ఒక చిన్న పొల్ల అడ్డమొచ్చింది. కోర్టుల నా తప్పు లేదన్నరు." స్టీరింగు మీద చెయ్యి తీయకుండానే, "లైసెన్సుల నా వయసు అబద్ధం. ఆ పొల్ల సచ్చుడు అబద్ధం గాదు" అన్నాడు.

ఆయన గొంతు మారలేదు. నాకు ఏడుపూ రాలేదు, భయమూ వేయలేదు. ఆ తర్వాత నేను లైసెన్సు మాట ఎత్తలేదు, ఆయన ఆ సంగతి ఎత్తలేదు, అమ్మకు తెలుసో లేదో ఈనాటికీ నాకు తెలియదు. పద్దెనిమిది నిండాక ఆయనే స్టీరింగు చేతికిచ్చి నేర్పి, లైసెన్సు ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఇన్‌స్పెక్టరు జీపును ముందుకూ వెనక్కూ నడిపించి చూసి సరేనన్నాడు. సంతోషం వస్తుందేమోనని ఎదురుచూశాను, రాలేదు.

ఇప్పుడు వయసు దాచే వీల్లేదు, అది మంచికే. తెర మీద అడిగిన రోడ్డు గుర్తులన్నిటికీ మనవరాలు టకటకా జవాబులిచ్చి పాసైంది. పక్కన కూర్చోబెట్టుకుని రెండేళ్లు రోడ్డు చూపించే ఓపిక మాత్రం మనలో ఎవరికుంది? ఈమధ్య ములుగు వెళ్తూ ఆ మలుపు కోసం చూశాను. రోడ్డు వెడల్పు చేసి తిన్నగా వేసేశారు. బాపు పోయి చాలా ఏళ్లయింది. ఆ పిల్ల పేరేమిటని నేనాయన్ని ఎన్నడూ అడగలేదు.