కొంగ బిళ్ళ మీద గాటు

పాత క్యాసినో చిప్పులు, అంటే జూదంలో డబ్బుకు బదులు వాడే బిళ్ళలు, పోగుచేసుకునేవాళ్ళ లోకం చాలా చిన్నది. ఆ లోకంలో, రీనో ఊళ్ళో, మావిస్ ట్రెడ్‌వే సంతకానికి ఉన్న విలువ బ్యాంకు మేనేజరు సంతకానికి కూడా లేదు. ఆవిడ బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పి, బల్ల మీద ఒకసారి జారవిడిచి, ఆ చప్పుడు విని, చిన్న చీటీ మీద "అసలుదే" అని రాసి సంతకం పెట్టిందంటే ఇక దాని మీద ఎవరూ నోరెత్తరు. ఆ పనికి ఏనాడూ ఒక్క డాలరు పుచ్చుకోలేదు. ఎవరైనా ఇవ్వబోతే, "నా మాటకి రేటు కడతావా?" అని కయ్యిమనేది.

ఆ పేరు ఊరికే రాలేదు. సిల్వర్ హెరాన్ అనే క్యాసినోలో ఇరవై రెండేళ్ళు నిలబడి పేక పంచింది. అక్కడి ప్రతి బిళ్ళ నడుమా నీలం గీత గుండ్రంగా గీసి, అందులో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ వేసేవారు. అందుకే ఊరంతా దాన్ని కొంగ క్లబ్బనే పిలిచేది. నిలబడీ నిలబడీ కాళ్ళు వాచేవి, సిగరెట్ పొగకు కళ్ళు మండేవి, ఓడినవాడల్లా పేక పంచిన మావిస్‌నే తిట్టిపోసేవాడు. అన్నీ పడింది. ఒక్క బిళ్ళ కూడా ఎవరికీ తక్కువివ్వలేదు, ఎవరికీ ఎక్కువివ్వలేదు. క్లబ్బు మూతపడ్డ రోజున యజమాని చేతిలో పెట్టిన వంద డాలర్ల బిళ్ళ ఒకటి ఆవిడకు మిగిలింది. దాన్ని చెక్కపెట్టెలో దాచింది కానీ మళ్ళీ తీసి చూసిన పాపాన పోలేదు. ఇరవై రెండేళ్ళు చేతుల్లో నలిగిన వస్తువును కొత్తగా చూసేదేముందని ఆవిడ ధీమా.

ఇక గ్యారెట్ లూమిస్ సంగతి. ఇతను పాత బిళ్ళలకు నకళ్ళు చేసి అమ్ముతాడు. పనితనం మాత్రం కాదనలేం. బజార్లో దొరికే చౌకరకం నకళ్ళు ఇనపముక్కకు ప్లాస్టిక్ తొడిగినవి. కింద పడితే రేకు డబ్బా మోత మోగుతాయి. లూమిస్ అలా కాదు. మట్టి కలిపి అచ్చులో వేసి నొక్కుతాడు. అంచున ఉండే పసుపు పట్టీలు రంగు పూసినవి కావు, లోపలిదాకా దిగి ఉంటాయి. ఆ తర్వాత కాఫీలో నానబెట్టి, సిగరెట్ బూడిదతో రుద్ది, బిళ్ళకు యాభై ఏళ్ళ ముసలితనం తెప్పిస్తాడు. ఎందుకయ్యా ఇదంతా అంటే, "ఇంట్లో సరదాగా పేకాడుకునేవాళ్ళ కోసం" అంటాడు. కొంగ జపమంటే ఇదే మరి!

"నకలు చెయ్యొద్దని ఎవరన్నారు?" అని మావిస్ ప్రతి ఏడూ బిళ్ళలు పోగుచేసుకునేవాళ్ళ సంఘం సమావేశంలో అరిచేది. "అంచు మీద నకలని చెక్కి చెయ్యి. అంత పనిమంతుడివి, నీ పేరు వేసుకోడానికి సిగ్గెందుకు?"

సంఘంవాళ్ళు తలలూపేవారు, నియమం మాత్రం పెట్టేవారు కాదు. ఎందుకు పెడతారు? ఏటా జరిగే ప్రదర్శనకు హోటల్లో హాలు అద్దె కట్టేది లూమిస్. పొద్దున్నే కాఫీ, డోనట్లు పెట్టించేది లూమిస్. అతని డోనట్ నోట్లో ఉండగా అతని మీదికి నోరెలా లేస్తుంది? అందుకని మావిస్ తన వంతుగా ఒక ఒట్టు పెట్టుకుంది. లూమిస్ బల్ల దగ్గరికి వెళ్ళదు, అతని సరుకు చేత్తో తాకదు. ఆ ఒట్టు ఎంత తెలివితక్కువదో తర్వాత తెలిసింది.

ఐదేళ్ళ కిందట సంఘం పత్రికలో ఆవిడ ఒక వ్యాసం రాసింది. కొంగ క్లబ్బు వంద డాలర్ల బిళ్ళ అసలుదో కాదో తేల్చే గుర్తు అందులో చెప్పింది. అచ్చు దెబ్బతినడం వల్ల నీలం గీత ఒకచోట వెంట్రుకంత తెగి ఉంటుంది. ఆ గాటు కొంగకు ఎడమవైపున ఉంటుందని రాసింది. నలుగురికీ మేలు చేశాననుకుంది పాపం. దొంగకూ పత్రిక చదవడం వచ్చునన్న సంగతి ఆ మంచిమనిషికి తట్టలేదు.

ఈ ఏడు ప్రదర్శన మొదటిరోజు పొద్దున ఆరిన్ టాకెట్ ఆవిడ బల్ల దగ్గరికొచ్చాడు. ఇళ్ళ కప్పులు వేసి రిటైరైన మనిషి. వాళ్ళ నాన్న ఒకప్పుడు కొంగ క్లబ్బులో పేకాడి తన ట్రక్కు పోగొట్టుకున్నాడు. ఆ క్లబ్బు నుంచి ఒక్క వంద డాలర్లయినా ఇంటికి తిరిగి రావాలని ఆరిన్ పంతం. మూడేళ్ళ కిందట పద్దెనిమిది వందలు పోసి ఒక బిళ్ళ కొన్నాడు. కొనేముందు మావిస్‌కి చూపించి చీటీ రాయించుకున్నాడు కూడా.

"చూడు మావిస్, దీనికి అద్దాలపెట్టె చేయించబోతున్నా," అంటూ బిళ్ళను బల్ల మీద పెట్టాడు.

కొంగ తల ఆరిన్ వైపు నిటారుగా ఉండేలా పెట్టాడు. అంటే ఎదురుగా కూర్చున్న మావిస్‌కి కొంగ తలకిందులుగా కనిపించింది. అలా చూసేసరికి ఆవిడ గబుక్కున భూతద్దం అందుకుంది. కొంగ క్లబ్బులో ఒక కట్టుబాటు ఉండేది. వంద డాలర్ల బిళ్ళను ఆటగాడి ముందు పెట్టేటప్పుడు కొంగ ఆటగాడికి నిటారుగా కనిపించాలి. కాబట్టి పేక పంచేవాళ్ళకు అది ఎప్పుడూ తలకిందులే. ఇరవై రెండేళ్ళు ఆవిడ అలాగే చూసింది. తలకిందుల కొంగకు గాటు తన ఎడమచేతి వైపు ఉండేది. ఇప్పుడు ఆరిన్ బిళ్ళ మీద కుడిచేతి వైపు ఉంది.

"ఏంటలా చూస్తున్నావ్? మా నాన్న ట్రక్కు కనిపిస్తోందా అందులో?" అని ఆరిన్ నవ్వాడు.

"దీన్ని సాయంత్రం దాకా నా దగ్గరుంచు," అంది మావిస్.

కారెక్కి ఇంటికెళ్ళి చెక్కపెట్టె తెరిచింది. తన బిళ్ళ తీసి కొంగను నిటారుగా తిప్పింది. గాటు కుడివైపున ఉంది. వ్యాసంలో ఎడమ అని రాసింది! బల్లకు తన వైపు నుంచి చూసిందే లోకమంతా చూస్తుందనుకుని రాసేసింది. అసలైన వంద డాలర్ల బిళ్ళలు ఊరి మొత్తం మీద పట్టుమని పది లేవు. ఉన్నవాళ్ళు కూడా గాటు ఉందని మురిశారే కానీ ఎటువైపు ఉందని చూసుకోలేదు. ఆరిన్‌కి చీటీ రాసిన రోజున ఆవిడా అంతే. తను రాసినచోట గాటు కనబడగానే పొంగిపోయి సంతకం చేసేసింది.

తిరిగొచ్చి, ఒట్టు తీసి గట్టున పెట్టి నేరుగా లూమిస్ బల్ల దగ్గరికి నడిచింది. నలభై డాలర్ల ధర చీటీ కింద వంద డాలర్ల బిళ్ళల నకళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి చూసింది. గాటు ఎడమవైపు ఉంది. రెండోదానికీ అంతే, మూడోదానికీ అంతే. ఆవిడ ఒళ్ళు భగ్గుమంది. అతని మీద ఎంత కోపం వచ్చిందో తన మీద అంతకు రెట్టింపు వచ్చింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, సంతకం పరువు నిలుస్తుంది. నోరు విప్పితే ముప్పై ఏళ్ళుగా రాసిన ప్రతి చీటీ అనుమానపు చీటీ అయిపోతుంది. ఆవిడ దగ్గర ఆ సంతకం తప్ప వేరే ఆస్తేమీ లేదు.

మూడింటికి సమావేశం మొదలైంది. గుర్తు లేని నకళ్ళను ప్రదర్శనలో అమ్మకూడదన్న నియమం మళ్ళీ చర్చకొచ్చింది. లూమిస్ లేచి చేతులు కట్టుకున్నాడు.

"నేను నకలని చెప్పే అమ్ముతున్నానండీ. ఎవరో కొనుక్కెళ్ళి అసలుదని ఇంకొకరికి అంటగడితే ఆ పాపం నాదా? మావిస్ గారికి నా పనితనం మీద కుళ్ళు. అంతకన్నా ఏం లేదు."

ముందు వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మావిస్ లేచింది.

"లూమిస్, అసలు వంద బిళ్ళ నీ దగ్గరుందా?"

"నాకంత అదృష్టమా? పాత ఫోటో చూసి చేశాను."

"ఫోటోలో గాటు కనిపిస్తుందా?"

"గాటా..." అని అతను కాస్త తడబడ్డాడు. "మీరే రాశారుగా పత్రికలో. చదివాను. చదవడం కూడా తప్పేనా?"

"చదవడం తప్పు కాదు. నేను రాసిందే తప్పు!" అంటూ ఆవిడ తన బిళ్ళ పైకెత్తింది. "అసలుదానికి గాటు కుడివైపు. బుద్ధి లేక ఎడమ అని రాశాను. నువ్వు నా తప్పును కూడా వదలకుండా అచ్చు గుద్దావు. ఏమయ్యా, ఇంట్లో పేకాడుకునేవాడికి ఈ గాటెందుకు? వాడు భూతద్దం పెట్టుకుని ఆడతాడా? భూతద్దం పెట్టి చూసేది నాలాంటి ముసలిదొక్కతే. నన్ను బోల్తా కొట్టించడానికి కాకపోతే ఇదెందుకు పెట్టావో అందరి ముందూ చెప్పు!"

లూమిస్ కట్టుకున్న చేతులు విప్పి కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవరు బోల్తా పడ్డారని అడగరేం?" అని మావిస్ హాలంతా కలయజూసింది. "నేనే పడ్డాను. మూడేళ్ళ కిందట ఆరిన్ బిళ్ళ అసలుదని సంతకం పెట్టాను. అది ఇతని నకలు. ఆ చీటీ తప్పు, ఆ సంతకం నాది. ఇంకెన్ని చీటీలు తప్పో నాకే తెలియదు. ఇప్పుడు చెప్పండి, నియమం పెడతారా, ఇంకో డోనట్ తింటారా?"

నియమం పెట్టాలంటూ వెనక వరసలో ఒక చెయ్యి లేచింది, పక్కన ఇంకొకటి. అధ్యక్షుడు లెక్కపెట్టేసరికి ఎదురు చెప్పినవాళ్ళు నలుగురే. లూమిస్ బిళ్ళలు పెట్టెలో సర్దుకుంటూ హాలు అద్దె సంగతేదో గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మావిస్ తన బల్ల దగ్గరికొచ్చి కూలబడింది. ఆరిన్ జేబులోంచి చీటీ తీసి ఆవిడ ముందు పెట్టాడు. అతని మొహం చూడ్డానికి ఆవిడకు ధైర్యం చాల్లేదు.

"కొట్టేసి, నకలని రాయి," అన్నాడు.

రాసింది. కింద తేదీ వేసి మళ్ళీ సంతకం చేసింది.

"నువ్వు చెప్పకపోతే నాకు చచ్చేదాకా తెలిసేది కాదు," అన్నాడు ఆరిన్.

"తెలుసు."

"మరెందుకు చెప్పావ్? ఆ అద్దాలపెట్టెలో పెట్టుకుని హాయిగా చూసుకునేవాణ్ణిగా!"

"నీకు తెలియదనే చెప్పాను," అంది.

ఆరిన్ బిళ్ళ తీసుకోలేదు, చీటీ మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతను పక్కకు తప్పుకున్నాక మావిస్ తలెత్తి చూసింది. అతని వెనక పదకొండు మంది వరస కట్టి నిలబడి ఉన్నారు, ఒక్కొక్కరి చేతిలో ఆవిడ సంతకం.