నెవిల్ మంత్రానికి వెల

బ్రిస్బేన్ పక్కనున్న ఇప్స్‌విచ్‌లోని ఒక హార్డ్‌వేర్ దుకాణంలో రంగులు కలిపిచ్చే నెవిల్‌కి తన తూకం మీద దేవుడి మీద కన్నా ఎక్కువ నమ్మకం. ఎవరైనా లేత నీలం అడిగితే, యంత్రం పోసిన రంగుని కూడా అనుమానంగా చూసి, "ఇంకో పిసరు పడాలి" అని తల పంకిస్తాడు. కొనేవాళ్లకు తేడా తెలియదు. నాకూ తెలియదు. నెవిల్‌కి తెలుస్తుందని నెవిలే చెబుతాడు.

ఆదివారం మధ్యాహ్నాలు ఈ తూకమంతా మా నెత్తిన పడుతుంది. లూపె వాళ్ల గరాజులో షట్టరు సగం ఎత్తి, ఫ్యాను పెట్టుకుని నలుగురం బల్ల చుట్టూ కూర్చుంటాం. పాచికలు వేస్తూ, లేని రాజ్యంలో లేని రాక్షసులతో పోరాడే ఆట మాది. వృద్ధాశ్రమంలో నర్సుగా చేసే లూపె ఆట నడుపుతుంది. ఊళ్లు, వానలు, రాక్షసులు అన్నీ ఆవిడ చెప్పినట్టే నడుస్తాయి. సమోవా దీవుల మనిషి, గొంతు పెద్దది, ఎదుటివాడు తొండి చేస్తున్నాడనిపిస్తే కళ్లజోడు తీసి చూస్తుంది. బస్సు నడుపుకునే నేను ఆటలో గొడ్డలి పట్టిన మరుగుజ్జు యోధురాలిని. నెవిల్ మాంత్రికుడు. అతని తమ్ముడు లిండ్సే గాయాలు మాన్పే పూజారి.

ఈ అన్నదమ్ములిద్దరూ ఆటలో తప్ప మాట్లాడుకోరు. "పూజారి గారూ, తమరి దగ్గర మందేమైనా మిగిలిందా?" అంటాడు నెవిల్. "తమ కోసమే దాచాను, మాంత్రికోత్తమా" అంటాడు లిండ్సే. అదే లిండ్సేకి రొట్టెలో పెట్టుకున్న సాసేజ్ మీదికి టమాటా సాసు కావాల్సి వస్తే మాత్రం, "కోరలీ, ఆయన్ని ఆ సీసా ఇటు జరపమను" అని నాతో చెప్పిస్తాడు. ఆ సీసా, ఆయన మోచెయ్యి, తమ్ముడి మోచెయ్యి అన్నీ ఒక్కచోటే ఉంటాయి.

వాళ్లమ్మ అంత్యక్రియల రోజు పొద్దున నెవిల్ బ్రిస్బేన్‌లో ఈ ఆటల పోటీకే వెళ్లాడు. ఒక్క ఆట ఆడి వచ్చేస్తానన్నాడు. గెలిచాడు కాబట్టి రెండోది కూడా ఆడాడు. ఇక్కడ శవపేటిక మోయడానికి ఒక మనిషి తక్కువై, బండి డ్రైవరుని బతిమాలి పట్టించారు. ఆ పోటీలో వచ్చిన కప్పులోనే నెవిల్ ప్రతి ఆదివారం పాచికలు వేసుకుని వస్తాడు. సిగ్గన్నది రంగులాగా డబ్బాల్లో దొరికితే ఒక డబ్బా కొనిచ్చేదాన్ని.

ఇక మంత్రాల సంగతి. ఆటపుస్తకంలో ఉన్నవి అతనికి ఆనవు, సొంతంగా తయారు చేస్తాడు. సొంత మంత్రాలకి మా బల్ల దగ్గర కట్టుబాటు ఉంది. శక్తి ఎంతుంటే దానికి చెల్లించే వెల అంతుండాలి. లూపె ఒప్పుకున్నాక, కనీసం ఒకసారి వాడేదాకా రాసినదాంట్లో ఒక్క మాట కూడా మార్చకూడదు. నెవిల్ పెట్టే వెలలు చూడాలి! పిడుగుల వాన కురిపించే మంత్రానికి వెల, మాంత్రికుడికి ఒక పూట వాసన తెలియకపోవడం. కొండని పగలగొట్టే మంత్రానికి వెల, ఒక రోజంతా ఈత రాకపోవడం. అప్పుడు మేమున్నది ఎడారిలో. "నీళ్లుంటే మునిగి చచ్చేవాణ్ని కదా!" అని మా మీదే విసుక్కున్నాడు. ఒంటి మీద ఈగ వాలకుండా త్యాగాలు చేయడంలో అతన్ని మించినవాడు లేడు.

ఒక ఆదివారం అతను 'పొరుగు గాయం' అనే మంత్రం పట్టుకొచ్చాడు. చచ్చేంత దెబ్బ తగిలినప్పుడు మాంత్రికుడు దాన్ని తన పక్కనున్న స్నేహితుడి మీదికి మళ్లించవచ్చు.

"వెల?" అంది లూపె.

"ఆ స్నేహితుడికి క్షమాపణ చెప్పాలి."

"మా పిల్లలు పళ్లు తోముకునేలోపు ఒకళ్లకొకళ్లు వందసార్లు సారీ చెప్పుకుంటారు. ఇదీ ఒక వెలేనా? తీసుకుపో."

"సరే, ఏం తప్పు చేశాడో కూడా చెప్పాలి."

"చాలదు."

"ఆ మనిషికి చేసిన తప్పుల్లోకెల్లా పెద్దది చెప్పాలి. అదే పెద్దదని అవతలివాడు ఒప్పుకోవాలి. చాలా తల్లీ, ఇంకా నా కిడ్నీ కూడా కావాలా?"

లూపె కళ్లజోడు తీసింది. "చాలు. అన్నది అన్నట్టు రాయి."

నెవిల్ రాసి, నా వైపు వంగి, "నోటి మాటే కదా, నాకేం పోయింది" అని గుసగుసలాడాడు. లిండ్సే తల ఎత్తకుండా రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు.

అతని మాంత్రికుడి పేరు బిస్కట్. నవ్వకండి. చిన్నప్పుడు వాళ్లమ్మ వంటగదిలో అన్నదమ్ములు మొదటిసారి ఈ ఆట ఆడుతూ, మాంత్రికుడికి ఏం పేరు పెట్టాలని అడిగితే, ఆవిడ గిన్నెలు కడుగుతూ పిల్లి పేరు చెప్పింది. అంత గొప్పలకు పోయే నెవిల్ ఆ పేరు మాత్రం మార్చలేదు. మా దగ్గర చచ్చిన పాత్ర మళ్లీ లేవదు. దాని కాగితాన్ని ఎవరిది వాళ్లే సాసేజ్‌లు కాల్చుకునే బార్బెక్యూ నిప్పుల్లో వెయ్యాలి. ఇన్నేళ్లలో బిస్కట్ ఆ నిప్పుల దాకా వెళ్లలేదు. ఆ తర్వాతి ఆదివారం గుహలో డ్రాగన్ ఎదురైంది.

పాచికలు దొర్లాయి. "బిస్కట్ మీద మంట కక్కింది. పోయినట్టే" అంది లూపె.

నెవిల్ చిరునవ్వు నవ్వాడు. "పొరుగు గాయం! దెబ్బ మరుగుజ్జు మీదికి పోతుంది."

"నన్ను గుహ బయట కాపలా పెట్టింది నువ్వే కదయ్యా" అన్నాను.

పక్కనున్నది పూజారి. నెవిల్ గొంతు సవరించుకుని మాంత్రికుడి గొంతు పెట్టాడు. "పూజారి గారూ, తమరి మందు సీసా చెప్పకుండా తాగేశాను. మన్నించండి."

"అదేనా పెద్దది?" లూపె లిండ్సేని అడిగింది.

"కాదు."

"దయ్యాల కోటలో తమరిని వదిలేసి పారిపోయాను."

"కాదు."

"ఆటలో ఇంతకన్నా పెద్దది ఏం చేశాను?" అని నెవిల్ అసలు గొంతుతో అరిచాడు.

లూపె కాగితం దగ్గరగా పెట్టుకుని చదివింది. "ఆటలో అని నువ్వు రాయలేదు."

ఫ్యాను తిరుగుతోంది. నెవిల్ కప్పుకేసి చూశాడు, తమ్ముడికేసి చూశాడు, నోరు తెరిచాడు. చెప్పెయ్యొచ్చు కదా, ఆ పేరు పెట్టిన తల్లి కోసమైనా! లిండ్సే గుప్పిట్లో పాచికలు బిగించి ఎదురుచూస్తున్నాడు. అంత ఆశగా ఎవరూ డ్రాగన్ చేతిలో దెబ్బ తినడానికి ఎదురుచూసి ఉండరు.

"మంట నాకే తగలనీ" అన్నాడు నెవిల్.

లిండ్సే లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నెవిల్ బిస్కట్ కాగితాన్ని తీసుకెళ్లి నిప్పుల్లో వేసి, అది పూర్తిగా కాలేదాకా నిలబడి, వెనక్కి వచ్చి ఏమన్నాడో తెలుసా? "తూకం తప్పింది. వెల మరీ ఎక్కువైంది. ఒకసారి వాడాం కదా, ఇక సరిచేసుకోవచ్చు."

"నువ్వు మనిషివేనా?" అన్నాను.

మరుసటి ఆదివారం ఇద్దరూ వచ్చారు. నెవిల్ పాచికలు ఈసారి శాండ్‌విచ్ సంచిలో ఉన్నాయి. ఆ పోటీ కప్పు ఏదని ఎవరమూ అడగలేదు. కొత్త పాత్రతో పాటు సరిచేసిన మంత్రం కూడా తెచ్చాడు. అందులో క్షమాపణ మాట లేదు. స్నేహితుడి ముందు తల వంచితే చాలట.

లూపె చదవకుండానే కాగితాన్ని లిండ్సే వైపు తోసింది. "ఈసారి తూకం నువ్వు చూడు."

లిండ్సే చదివాడు. "తల వంచితే చాలా?"

నెవిల్ తల వంచాడు. వంచినవాడు ఎత్తడే! ముక్కు సాసు సీసాకి తగిలేలా అలాగే ఉండిపోయాడు. కునుకు తీస్తున్నాడేమో అనుకున్నాను. తర్వాత చూస్తే భుజాలు కదులుతున్నాయి.

లిండ్సే కాగితాన్ని మెల్లగా వెనక్కి జరిపాడు.

"చాలదన్నయ్యా" అన్నాడు, నాతో చెప్పించకుండా. "ఇంకాస్త పెంచి తీసుకురా. ముందా సాసు సీసా ఇటియ్యి."