తియ్యని ఉప్పు

నౌపడలో ఎక్కిన పాసింజరులో నా ఎదురుగా ఒకమ్మాయి మెడలోని కంపెనీ కార్డును తిప్పుకుంటూ కూర్చుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా కన్సల్టెంటట. విజయనగరంలో ఓ రైస్‌మిల్లు షావుకారికి మొదటిసారి ఒక్కతే వెళ్ళి సలహా చెప్పాలిట.

"బయ్యంగా ఉన్నాది మావయ్యా. మిల్లు గురించి నాకేటి తెలుసని?"

"నేనూ అలాంటి షావుకారుననుకో. నాకు ఉప్పు మడులున్నాయి," అని కోతలు మొదలెట్టాను. మడులు కాదు గదా, మా ఇంట్లో ఉప్పుజాడీ కూడా మా ఆవిడదే. "ఈ ఏడు ఉప్పు తియ్యగా వస్తన్నాది. ఏటి సేస్తావు?"

పెట్టెలో అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు.

"ఎవులు సెప్పేరు? మీరు ఆ ఉప్పు నాకి సూసేరా?"

ఇన్నేళ్ళ నా కోతల్లో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"అక్కడా ఇలాగే అడుగు తల్లీ. అప్పుడు బయ్యం ఆ షావుకారికే," అన్నాను.

విజయనగరంలో కార్డు సరిచేసుకుని, వెనక్కి చూడకుండా దిగిపోయింది.

ఇప్పటికీ కోతలు కోసేటప్పుడు మధ్యలో కాస్త ఆగుతాను, ఎవరైనా అడుగుతారేమోనని. అందరూ నవ్వేసి ఊరుకుంటారు.